వట్లూరు స్టీలుడబ్బా సంగ్రామము

కొల్లేటి గాలులచే వీజితమై, చేపల లారీల ధూళిచే ధూసరితమై, ఇంజనీర్లను పుట్టించుటయందు అలుపెరుగని వట్లూరు క్షేత్రమున, ఒకానొక కళాశాలలో, శ్రావణమాస శుభవేళ, ఎంటెక్ విద్యార్థిని పద్మప్రియ యుద్ధసన్నద్ధురాలయ్యెను.

ఆకివీడు చెరువులలో ఆక్సిజన్ తగ్గిన కబురును గట్ల మీది సెన్సార్లు ఒకదానికొకటి అందించుకొనుచు రైతు ఇంటికి చేర్చవలె. నడుమ ఒకటి చచ్చినచో కబురు వేరుదారి పట్టవలె. ఆ దారిని వెదకు విద్యను ఆమె రచించినది. కంప్యూటరులో అది వేయి సెన్సార్లను అవలీలగా దాటెను. కంప్యూటరులో వాన కురియదు గదా. ఆమె మేనమామ కనకరాజు చెరువులో మాత్రము, గత వేసవి కబురు అందకయే చేపలన్నియు తెల్లగా తేలినవి.

ప్రయోగశాలలో అరుదుగా అవతరించు గైడు భానుప్రకాష్ గంభీరముగా పలికెను: "చూడమ్మా, కంప్యూటర్లో ఈదిన చేపకి నేను సంతకం పెట్టను. ఊరంత నెట్‌వర్కు చూపించు."

"నిధులేవైనా ఇప్పిస్తారా అండీ?"

"ఆశీస్సులిస్తాను."

ఆశీస్సులతో సెన్సార్లు రావు కావున ఆ ధీర, జూనియర్లు ప్రాజెక్టులు ముగించి పారవేసిన చవక బోర్డులను సమకూర్చి, దూరమును విస్తరింపజాలక కుదింప నిశ్చయించెను. బోర్డు రేడియో బలమును తగ్గించి స్టీలుడబ్బాలో పెట్టినచో, దాని కేక రెండు బారలు దాటదు; అంతట ఒక హాలే ఊరంత యగును. వెంటనే తాడేపల్లిగూడెమున స్టీలుసామాను కొట్టు నడుపు శేషారత్నమునకు, అనగా రూమ్మేటు బిందు తల్లికి, ఫోను చేసెను.

"డబ్బాలు కావాలండీ ఆంటీ. కొట్లో ఉన్నవన్నీ."

"ఎవరిదమ్మా పెళ్ళి?"

"పెళ్ళి కాదండీ, చెరువులు."

"అలాగేలే. సొట్టలు పడకుండా చూడమ్మా, అమ్ముకునేవి."

సెమినారు హాలు నేలయెల్ల, కడుపున ఒక్కొక్క బోర్డుతో, మూతలు ఓరగా తెరచిన డబ్బాలు సేనావ్యూహమువలె నిలిచెను. ఈ కొసన బక్కెట్టు నీటిలో సెన్సారు, ఆ కొసన ల్యాప్‌టాప్. కబురు బయలుదేరి, మూడు డబ్బాల నడుమ గానుగెద్దువలె తిరుగనారంభించెను. గైడు వాచీ చూచెను. పద్మప్రియకు మామయ్య గట్టున తలపట్టుకొని కూర్చున్న తీరు కన్నుల మెదలెను. చెల్లని పాతదారిని మరువని దోషమును పట్టి, కోడు దిద్ది, మరల పంపెను.

అంతట గైడు వంగి, నట్టనడిమి డబ్బాకు మూత బిగించి, "ఇది చచ్చిందనుకో" అనెను.

కబురు తడబడెను; ఆగెను; గోడవారగా చుట్టు తిరిగెను; తెరపై వెలిగెను.

"వచ్చిందమ్మా," అనుచు గైడు కలము తీసెను. "వచ్చేవారం మీ మామయ్య చెరువు మీద పెడదాం."

పద్మప్రియ నేలపైననే చతికిలబడి నవ్వెను.

ఇట్లు బక్కెట్టులో ఆక్సిజన్ తగినంత కలదని హాలు ఆవలి కొసకు విజయవంతముగా తెలియవచ్చెను. నడిచి పోయి చెప్పినచో ఇంకను ముందే తెలిసియుండెడిది.