ఛాయ వద్దన్న పుట్టినరోజు

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఛాయ చెప్పులు వేసుకుంటూ భర్తతో చెప్పింది. "నేను బయటికెల్తన్నాను. పన్నెండుకి వచ్చీస్తాను. ఫోన్ చెయ్యకండి."

ఆ రోజుతో ఆమెకి అరవై నిండుతాయి. సందడేమీ వద్దని ఆ వారంలో మూడుసార్లు చెప్పింది. ఆ హిందీ ఊరి స్టీలు ప్లాంటులో ముప్పయ్యారేళ్ళు చేసి రిటైరైన రమాకాంత్ మూడుసార్లూ తలూపి, నలుగురిని భోజనానికి పిలిచాడు. ఆ నలుగురూ తలా కొందరికి చెప్పారు. ఛాయ అటు వెళ్ళగానే స్మృతి నగర్‌లోని వాళ్ళింటి ముందు షామియానా లేచింది.

"చెల్లెమ్మ వద్దంది కదా," అన్నాడు కుర్చీలు దింపుతున్న పక్కింటి జార్జి.

"అరె యార్, మొగమాటానికి అలాగంటాది. ఇన్నేళ్ళ కాపురం, నాకు తెలీదేటి?"

పన్నెండున్నరకి ముప్పై రెండు మంది చేరారు. ఛాయ రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఒంటిగంటకి బిర్యానీ మూత తీయబోతూ ఎవరో అడిగారు, "భాభీజీ ఏరీ?"

"గుడికెల్లింది," అన్నాడు రమాకాంత్.

"నేనిప్పుడు గుడి కాణ్ణించే వస్తన్నాను. కనపళ్ళేదే," అన్నాడు అతనితో పాటు రిటైరైన చిట్టిబాబు.

రమాకాంత్ బిర్యానీ మూత సర్దాడు. "అట్నుంచటే కుమ్హారి ఎల్లింది. వాళ్ళక్కకి ఒంట్లో బాగోలేదు."

వెనక వరసలో మిఠాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కన్నమ్మ మెల్లగా లేచి నిలబడింది. పక్క ఊరు కుమ్హారిలో ఛాయకున్న అక్క ఆమె ఒక్కతే. ఆమెని ఫోన్ చేసి పిలిచిందీ రమాకాంతే.

"నాకేటయింది బాబూ?" అని అడిగింది.

ఇక నిజం చెప్పక తప్పలేదు. ఛాయ ఎక్కడుందో తెలీదని అందరికీ చెబుతున్నప్పుడే, అది తనకి నిజంగానే తెలీదన్న సంగతి రమాకాంత్‌కి తట్టింది.

చిట్టిబాబు బండి తీసి రైల్వే స్టేషనులో వెతకడానికి వెళ్ళాడు. మరో ఇద్దరు వైశాలి నగర్‌లో ఆమె స్నేహితురాలింటికి పరిగెత్తారు. పోలీసులకివ్వడానికి ఫొటో కావాలన్నారు. రమాకాంత్ ఫోన్‌లో దొరికిన ఒక్క ఫొటోలో ఛాయ, తీయొద్దని, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడు జార్జి భార్య డైసీ గేటు తీసుకుని వచ్చింది.

"దీదీ మా ఇంట్లో ఉంది భయ్యా. పన్నెండుకే వచ్చింది. షామియానా చూసి వెనక గుమ్మంలోంచి మా ఇంటికి వచ్చీసింది."

"మనింట్లోనా? నాకు చెప్పలేదేటి?" అన్నాడు జార్జి.

"చెప్పొద్దంది. పోలీసుల మాట వినపడ్డాక, ఇప్పుడైనా చెప్పనా అనడిగాను. సరే అంది."

"ఏటైనా తిందా?" అని అడిగాడు రమాకాంత్.

"తింటావా అన్నాను. వద్దంది. మళ్ళీ అడగలేదు."

"ఎప్పుడొస్తాదంట?" అంది కన్నమ్మ.

"అందరూ ఎల్లేక."

అతిథులు చప్పుడు చేయకుండా తిని, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు.

రమాకాంత్ జార్జి ఇంటి ముందు నిలబడి తలుపు తట్టాడు. "ఛాయా, లోపలికి రానా?"

"వద్దు," అంది లోపల్నుంచి ఛాయ.

తలుపుకి గడియ పెట్టి లేదు. మామూలుగా అయితే తోసుకుని వెళ్ళేవాడు. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది, తర్వాత పక్క గోడ మీదికి జరిగింది. అతను మళ్ళీ పిలవలేదు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ఛాయ గుమ్మంలో నిలబడి అతన్ని కాసేపు చూసింది.

"డైసీ టీ పెడతంది. తాగుతారా?"

అలవాటు కొద్దీ వద్దనబోయిన రమాకాంత్, ఆవిడ ఆ మాట నమ్మేస్తుందేమోనని భయపడి గబగబా తలూపాడు.