బస్సు ఎవరు నడుపుతున్నారు?

మా వార్డు సభ్యులు హసునుమా గారు ఏప్రిల్ రెండో సోమవారం పత్రికలవాళ్లను పిలిచి ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఈ ఏడాది ఆఖరుకల్లా మా వార్డులో గీసే ప్రతి మాంగా బొమ్మల కథల పుస్తకంలోనూ స్త్రీకి నూటికి నూరుపాళ్ల గౌరవం కల్పిస్తారట. మా అవసరాలకు పోగా మిగిలిన గౌరవాన్ని పక్క వార్డులకు పంపిస్తారట.

ఇందుకోసం పదకొండు మందితో మాంగాలో స్త్రీ గౌరవ సంరక్షక సంఘం ఏర్పడింది. పదకొండు మందీ మగవాళ్లే. ఒక విలేకరి లేచి, "ఆడవాళ్లెవరూ లేరేమండీ?" అని అడిగాడు.

"ఆడవాళ్లను వేస్తే వాళ్లవైపే మాట్లాడతారు. మాది నిష్పక్షపాతమైన సంఘం" అన్నారు హసునుమా గారు. ఇంత దూరదృష్టి ఉన్న మనిషి టోక్యోలో ఒక్క వార్డుకే పరిమితమైపోవడం మిగతా వార్డులు చేసుకున్న పాపం.

చివర్లో ఇంకో శుభవార్త కూడా చదివారు. "ముప్పై రెండేళ్లుగా గుద్దులాట మాంగా గీస్తూ వచ్చిన ఇవాకురా గెంజో సెన్సే పశ్చాత్తాపపడి, ఇకపై ఆడవాళ్ల ప్రేమకథ గీయబోతున్నారు. కరడుగట్టిన మగ గుండె కరిగింది. ఇది మా సంఘం సాధించిన తొలి విజయం." అప్పటికి సంఘం పుట్టి నలభై నిమిషాలైంది.

ఇవాకురా గెంజో సెన్సే, అంటే గురువు గారు, నాకు బాగా తెలుసు. పందొమ్మిదేళ్లుగా ఆ స్టూడియోలోనే నా ఉద్యోగం. మనుషుల్ని సెన్సే గీస్తే, వాళ్ల వెనకాల ఇళ్లు, మబ్బులు, కరెంటు స్తంభాలు నేను గీస్తాను. సెన్సే అసలు పేరు మొరిషితా చిజురు. వయసు యాభై ఎనిమిది. ఆడమనిషి. ఇరవై ఆరో ఏట ఆవిడ ఒక బస్సు డ్రైవరమ్మ ప్రేమకథ గీసి ఒక మాంగా పత్రికకు పట్టుకెళ్తే, అప్పటి సంపాదకుడు మొదటి పేజీ చూసి, "గీత బాగుందమ్మా. ఈ బస్సు తీసేసి గుద్దులాట పెట్టు, ఈ పేరు తీసేసి మగపేరు పెట్టు" అన్నాడట. పెట్టింది. అలా పుట్టాడు ఇవాకురా గెంజో. ఆయన మొహం పాఠకులు ఎన్నడూ చూడలేదు. మాంగా గీసేవాళ్లు తమ బొమ్మకు బదులు ఏ పిల్లినో కప్పనో వేసుకోవడం మా దగ్గర మామూలే. చిజురు సెన్సే తలకు గుడ్డ కట్టుకున్న గడ్డపు ఎలుగుబంటిని వేసుకుంది.

ఇక పశ్చాత్తాపం సంగతి. పత్రికతో పాటు ప్రతివారం ఒక కార్డు వస్తుంది. నచ్చిన మూడు కథలకు టిక్కు పెట్టి పాఠకులు దాన్ని పోస్టు చేస్తారు. ఆ కార్డులే మాకు దేవుళ్లు, యముళ్లు. సెన్సే గీసే 'పిడుగు దవడ' కథలో కథానాయకుడు నాలుగేళ్లుగా ఒకే మనిషిని కొడుతున్నాడు. కొట్టేవాడికీ తినేవాడికీ విసుగు రాలేదు గానీ కార్డు రాసేవాళ్లకు వచ్చింది. ఇరవై కథల్లో మాది పందొమ్మిదో స్థానం. మార్చిలో సంపాదకుడు నెమోతో గారు చిక్కుడు ముద్ద మిఠాయిల పెట్టెతో వచ్చారు. సంపాదకుడు మిఠాయి తెచ్చాడంటే కథ ముగిసిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సెన్సే మిఠాయి తింటూ, "పీడా వదిలింది. ఇప్పుడు నా బస్సు కథ గీస్తాను" అంది.

ఆ బస్సు కథ వెనకాల వాళ్లమ్మ ఉంది. ఆవిడ పాతికేళ్లు బస్సు కండక్టరు. డ్రైవరు సీటు ఒక్కసారి అడిగితే డిపో అంతా నవ్విందట. కథలో డ్రైవరమ్మ పేరు తొకికో, వయసు నలభై ఆరు. రోజూ ఆఖరి స్టాపులో సోయాపాల టోఫు బకెట్టుతో ఎక్కే ఒక ముభావపు మనిషంటే ఇష్టం. అంతే కథ. ముప్పై రెండేళ్లుగా ఆ తొకికో సొరుగులో కూర్చుని ఎదురుచూస్తోంది.

"గీయండి. కానీ మా డైరెక్టరు ఒక షరతు పెట్టారు. వచ్చే నెల హసునుమా గారు పెట్టబోయే సంఘం సిఫారసు ముద్ర ఉంటేనే వేస్తారట. ముద్ర ఉంటే లైబ్రరీలన్నీ కొంటాయి" అన్నారు నెమోతో గారు.

"అయితే వెళ్లి నేను ఆడదాన్నని చెప్తాను. అక్కడితో తీరిపోతుంది."

నెమోతో గారు మిఠాయి పెట్టె మూత మూసి, "వద్దు సెన్సే. మారిన మగాడికి మార్కెట్టుంది. మొదట్నుంచీ ఆడదానిగానే ఉన్న ఆడదానికి ఏముంది చెప్పండి?" అన్నారు. ఆ మాటలో నిజం ఉండబట్టే సెన్సేకి ఒళ్లు మండింది.

మొదటి సమావేశానికి సెన్సే వెళ్లింది. కాగితాల సంచి మొయ్యడానికి నేను వెళ్లాను. నా బరువు నూట నాలుగు కిలోలు, పైగా గడ్డం. తలుపు తెరుచుకోగానే హసునుమా గారు నడుం వంచి, రెండు చేతులతో తమ పేరు కార్డు నాకందించారు. వెనకాలే పది నడుములు వంగాయి, పది కార్డులు వచ్చాయి.

"ఇవాకురా సెన్సే, ఎలుగుబంటి బొమ్మ చూసి ఎప్పుడో అనుకున్నాను, ఇలాగే ఉంటారని" అన్నారు హసునుమా గారు.

"ఇవాకురా గెంజోని నేనండీ" అంది సెన్సే నా పక్కనుంచి.

"తెలుసమ్మా, ఇవాకురా గారి స్టూడియో. టీ గది అటువైపు. పన్నెండు కప్పులు" అన్నారు కార్యదర్శి.

నేను నోరు తెరిచాను. ఎవరో అందులో బియ్యపు అప్పడం పెట్టారు. అది నమిలి మింగేసరికి సెన్సే టీ పోస్తోంది. నా కప్పు నింపుతూ చెవిలో, "నోరు మూసుకుని కూర్చో. ఆడది ఎలా ఉంటుందో వీళ్లు చెప్తారట. నేనూ తెలుసుకుంటాను" అంది. అంత నిదానంగా మాట్లాడిందంటే కోపం నెత్తికెక్కిందని పందొమ్మిదేళ్ల అనుభవం నాకు చెప్పింది.

మొదటి పేజీ తెరిచారు. డ్రైవరు సీట్లో కూర్చుని తొకికో నోరంతా తెరిచి ఆవులిస్తోంది.

"ఆడది ఆవులించదు. మా ఆవిడ ముప్పై ఏళ్లలో నా ఎదుట ఒక్కసారి ఆవులించలేదు" అన్నారు హసునుమా గారు.

"మీరు నిద్రపోయేదాకా ఆపుకుంటుందేమో అడగండి" అంది సెన్సే టీ పోస్తూ.

కార్యదర్శి దాన్ని 'తేనీటి విభాగం వారి అభిప్రాయం' అని మినిట్సులో రాసుకున్నారు. ఆవులింత తీసేశారు.

తరువాత వయసు. ఆడదాని వయసు చెప్పడం అగౌరవం గనక నలభై ఆరు కొట్టేశారు. కళ్ల కింద ముడతలు తీసేశారు. తీశాక చూస్తే పదిహేనేళ్ల పిల్లలా ఉంది. పసిపిల్ల చేత బస్సు నడిపిస్తారా అని ఒక సభ్యుడు కంట తడి పెట్టుకున్నారు.

రెండో సమావేశంలో భోజనం వచ్చింది. తొకికో బస్టాండులో నిలబడి నూడుల్సు జుర్రుకుంటోంది. జుర్రు బాగా పెద్దదన్నారు. చిన్న జుర్రు గీశాం. ఇంత తక్కువ తింటే ఆడపిల్లలు పస్తులుండటం నేర్చుకుంటారన్నారు. నూడుల్సు తీసేశాం. మూడో సమావేశంలో ప్రేమ వచ్చింది. ఆవిడ ముందు ప్రేమిస్తే బరితెగింపన్నారు. అతను ముందు ప్రేమిస్తే వెంటపడి వేధించడమన్నారు. ఇద్దరూ ఒకే క్షణాన ప్రేమించవచ్చునని ఒక సభ్యుడు సూచించగా, ఆ క్షణంలో బస్సు ఎవరు చూసుకుంటారని రవాణా శాఖలో పనిచేసి రిటైరైన ఇంకో సభ్యుడు నిలదీశారు. ప్రేమ తీసేశాం. ప్రేమకథ అన్న మాట మాత్రం అట్ట మీద ఉంచారు.

ఆ సమావేశం తరువాత సెన్సే లిఫ్టులో గోడకు తల ఆనించి నిలబడింది. "ముప్పై రెండేళ్ల కిందట పేరే అడిగారు. ఇప్పుడు మనిషినే అడుగుతున్నారు" అంది. జేబులో మిగిలిన బియ్యపు అప్పడం ఇచ్చాను. తిన్నది.

నాలుగో సమావేశానికి తొకికోను వెనకనుంచి మాత్రమే గీసి తెచ్చాం. హసునుమా గారు చాలాసేపు చూసి, "వెనకనుంచి చూస్తున్నదెవరు? మగవాడి చూపు కాదూ ఇది?" అన్నారు. పదిమందీ తలలు వంచుకున్నారు, అందరూ చూస్తూనే ఉన్నారు గనక. అప్పుడు హసునుమా గారు, ముందుముందు బడి పుస్తకాల్లో చేర్చదగ్గ ఒక సూత్రం చెప్పారు.

"ఎవరూ లేనిచోట ఎవరికీ అగౌరవం జరగదు."

తొకికోను తీసేశారు. బస్సు ఉంది, సీట్లున్నాయి, కిటికీ మీద వాన ఉంది. ముప్పై ఒక్క పేజీలూ నేను గీసేవే. నా కళకు ఇంత గుర్తింపు ఎన్నడూ రాలేదు. సంతోషపడదామని ప్రయత్నించాను గానీ, ఆ ఖాళీ సీటు గీస్తుంటే చెయ్యి ముందుకు సాగలేదు.

"ఒక చిన్న మనవి. స్టీరింగు మీద ఒక జత తెల్ల గ్లౌజులు ఉంచుకుంటాం" అంది సెన్సే, కప్పులు ఎత్తుతూ.

డ్రైవర్లు తెల్ల గ్లౌజులు వేసుకోవడం అందరూ ఎరిగిందే. అయినా గంటసేపు చర్చ జరిగింది. గ్లౌజులకు ఆడ మగ లేదని తేలాక అనుమతించారు. పదకొండు మందీ ముద్రలు వేశారు. హసునుమా గారి ముద్ర నిటారుగా నిలబడింది. మిగతా పదీ దానికి దండం పెడుతున్నట్టు పక్కకు వంచి వేశారు. అదీ మా మర్యాద.

దారిలో నేను అడిగాను. "ఎందుకు ఒప్పుకున్నారు సెన్సే? అది మీ కథే కాదు."

"బస్సు ముందు డిపోలోంచి బయటికి రానీ. తరువాత చూద్దాం" అంది.

జూన్‌లో మొదటి భాగం అచ్చయింది. వాన. ఊరు. బస్సు మలుపు తిరుగుతుంది, ఆగుతుంది, బయల్దేరుతుంది. చివరి పేజీ నిండా స్టీరింగు, దాని మీద రెండు తెల్ల గ్లౌజులు.

రెండో వారం నెమోతో గారు మిఠాయి పెట్టె లేకుండా పరుగెత్తుకొచ్చారు. చేతిలో కార్డుల గోనె. మూడువేల కార్డులు. సగం మంది టిక్కు పెట్టడమే మరిచిపోయి, అంచుల మీద ఒకటే ప్రశ్న రాశారు. బస్సు ఎవరు నడుపుతున్నారు? ఒకాయన దయ్యమని పందెం కాశాడు. బడిపిల్లలు ఎలుగుబంటి అన్నారు. అకితా నుంచి ఒకావిడ మాత్రం, 'గ్లౌజు బొటనవేలి దగ్గర అరిగింది. ఇది కొత్త డ్రైవరు కాదు. ఆడమనిషి అయ్యుంటుంది, మాకు మగవాళ్ల సైజు గ్లౌజులే ఇస్తారు, నావీ అక్కడే అరుగుతాయి' అని రాసింది.

ఆ కార్డు చదివి సెన్సే ఏడ్చింది. చాటుగా కాదు, బాగా ఏడ్చింది. నేను పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను. మూడు పెన్సిళ్లు అయిపోయాయి.

"డైరెక్టరు గారు వచ్చేవారం డ్రైవరును చూపించి తీరాలంటున్నారు. మరి సంఘం?" అని గొణిగారు నెమోతో గారు.

ఫోన్ చేశాం. సంఘం ముద్ర మొదటి భాగానికే వర్తిస్తుందట. ఎన్నికలు దగ్గరపడ్డాయి గనక శరదృతువు దాకా సమావేశాలు లేవట. గౌరవం అప్పటిదాకా ఆగాలట.

రెండో భాగం మొదటి రెండు పేజీలు కలిపి ఒకటే బొమ్మ. డ్రైవరు సీట్లో తొకికో, నలభై ఆరేళ్లు, కళ్ల కింద ముడతలు, కొండనాలుక కనబడేట్టు ఆవులింత. వెనకాల కిటికీ మీద వాన నాది. కార్డుల లెక్కలో మాది రెండో స్థానం.

ఇది తెలియగానే హసునుమా గారు మళ్లీ పత్రికలవాళ్లను పిలిచారు, ఈసారి బస్సు డిపోకు. ఒక బస్సుకు పక్కంతా తొకికో బొమ్మ అతికించారు, ఆవులింతతో సహా. "ఈ దేశపు మాంగాలో స్త్రీని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది మా సంఘమే" అన్నారు. పదకొండు మందీ బస్సు ముందు వరసగా నిలబడ్డారు. నా గుండె మీద గులాబీ రంగు కాగితపు పువ్వు గుచ్చి నడిమధ్య నిలబెట్టారు.

ఇక నావల్ల కాలేదు. మైకు అందుకుని, "నేను ఇవాకురా గెంజోని కాను. కరెంటు స్తంభాలు గీసేవాణ్ని. సెన్సే ఈవిడ" అన్నాను.

సెన్సే వచ్చి నా పక్కన, బొమ్మకు ముందు నిలబడింది. "ఇవాకురా గెంజోని నేనే. ముప్పై రెండేళ్లుగా నేనే. తొకికో కూడా నాదే" అంది.

హసునుమా గారు ఒక్క క్షణం ఆలోచించి చప్పట్లు మొదలుపెట్టారు. "చూశారా ఇవాకురా సెన్సే వినయం. తన కీర్తిని టీ ఇచ్చే మనిషికి కూడా పంచుతున్నారు. మారిన మగవాడంటే ఇలా ఉండాలి." చప్పట్లు మారుమోగాయి. ఒక సభ్యుడు మళ్లీ కంట తడి పెట్టుకున్నారు.

ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి తలెత్తి, "ఆవిడను కొంచెం పక్కకు జరగమనండి. బొమ్మలో ఆడమనిషి కనబడటం లేదు" అన్నాడు.

సెన్సే జరిగింది. జరిగి, తలుపు తోసుకుని బస్సెక్కి, డ్రైవరు సీట్లో కూర్చుంది. అక్కడున్న తెల్ల గ్లౌజులు తొడుక్కుంది. పొద్దుటినుంచీ ఉపన్యాసాలు విని ఉందేమో, నోరంతా తెరిచి ఆవులించింది.

మర్నాడు ఫొటో మొదటి పేజీలో పడింది. కిటికీ అద్దంలోంచి ఆ ఆవులింత కూడా స్పష్టంగా పడింది. కింద ఇలా అచ్చువేశారు: ఎడమనుంచి, సంఘ సభ్యులు పదకొండు మంది, మధ్యలో ఇవాకురా గెంజో సెన్సే. వెనక, ఖాళీ బస్సు.