రౌటర్లకు జ్ఞానస్నానం

మా రొక్కాస్పీనా గ్రామానికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చింది. ఈ విషయంలో ఎవరూ సందేహపడనక్కర్లేదు. వచ్చిందని చెక్కిన పాలరాతి ఫలకాన్ని నేనే దగ్గరుండి గోడకు బిగించాను.

వచ్చిందంటే, ఊరి మధ్య ఫౌంటెన్ దాకా వచ్చింది. అక్కడ ఒక బూడిదరంగు ఇనప బీరువా నిలబెట్టారు. మేయర్ గౌదెంజియోగారు భుజం మీదుగా మూడు రంగుల పట్టీ వేసుకుని రిబ్బను కత్తిరించారు. మా చర్చి ఫాదర్ దోన్ సవేరియోగారు పవిత్ర జలం చల్లారు. బ్యాండువాళ్లు పండగ పాటలన్నీ వాయించి పారేశారు. బీరువా నుంచి ఇళ్లకు తీగ లాగడం మాత్రం వేరే శాఖ పని. ఆ శాఖ ఏదో తేల్చడానికి ఒక సంఘం వేశారు. ఆ సంఘం ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికి ఇంకో సంఘం వేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గాని, మా ఊళ్లో పాపం పూజారి తప్పేమీ లేదు.

బీరువా వృథాగా పోయిందనుకునేరు. లోపల ఏదో వేడి పుడుతుంది కాబట్టి ఆడవాళ్లు దాని మీద ఎర్ర మిరపకాయలు ఆరబెడుతున్నారు. ఫైబర్ వచ్చాక మా మిరపకాయలు కరకరలాడుతున్నాయని పక్క ఊరు మొంతెసొల్లోవాళ్లు కుళ్లుకుంటున్నారు.

ఇక నా సంగతి. నేను పురపాలక కార్యాలయంలో గుమాస్తాని. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. నా బల్ల మీద ఒక టెలిఫోను ఉంది. అది మోగుతుంది. మోగినప్పుడల్లా ప్రజలకు మా మీద ఇంత నమ్మకమా అని నా మనసు నిండిపోతుంది. ఎత్తితే ఆ నమ్మకం పోతుందని ఎత్తను.

కథ మా వీధిలో ఉండే ఎర్సీలియాది. చొక్కాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమెకు ఒక ఉద్యోగం దొరికింది. ఫోను కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు ఇంట్లోనే కూర్చుని, చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, జవాబు చెప్పాలి. మా ప్రాంతం ఫిర్యాదులన్నీ ఆమెకే వస్తాయి. ఆ జీతం ఉంటే తన ఇంట్లో తాను ఉంటుంది. లేకపోతే ఇంటికి తాళం వేసి, తూరినో పట్నంలో చెల్లెలి వంటగదిలో మడతమంచం మీద పడుకోవాలి. ఈ మాట ఆమే చెప్పింది, మార్కెట్లో, ఉల్లిపాయలు బేరమాడుతూ, కళ్లు తుడుచుకుంటూ. ఉల్లిపాయల వల్ల కాదని మా అందరికీ తెలుసు.

కంపెనీ షరతు ఒక్కటే. ఇంట్లో తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ ఉండాలి. ఎర్సీలియా ఏడాది పొడుగునా తీగ కోసం కంపెనీకి ఫోన్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు. అప్పుడు మేయర్‌గారు పెద్దమనసుతో ఒక ధ్రువపత్రం ఇచ్చారు. ఫైబర్ ఊళ్లోకి వచ్చింది, ఎర్సీలియా ఊళ్లోనే ఉంది, కాబట్టి ఎర్సీలియాకు ఫైబర్ వచ్చింది. ముద్ర నేనే వేశాను. ఇంత చక్కటి తర్కానికి ముద్ర వేసే భాగ్యం ఎందరు గుమాస్తాలకు దక్కుతుంది!

మరి పని ఎలా జరిగేదంటారా? ఎర్సీలియా తన మొబైల్లోంచి సిమ్ కార్డు తీసి ఒక రౌటరులో పెట్టింది. అపరిమిత పథకం కదా, ఎంత వాడినా అడిగేవాడు లేడు. ఒప్పందంలో ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ సిమ్ టెలిఫోనులో మాత్రమే వాడాలని ఉంది. అపరిమితం అంటే పరిమితి ఎక్కడుందో చెప్పకపోవడమని కంపెనీ భావం. గొప్ప భావమే.

కంపెనీ యాంటెన్నా మా చర్చి గంటస్తంభంలో ఉంది. దోన్ సవేరియోగారే అద్దెకిచ్చారు. ఎర్సీలియా వంటింటి కిటికీ సరిగ్గా ఆ స్తంభానికి ఎదురుగా ఉంటుంది. రౌటరును కిటికీలో పెట్టింది, ఇంటర్నెట్ గంగలా పొంగింది. చూసి ఊరంతా ఊరుకుంటుందా? నెల తిరక్కుండా ప్రతి ఇంట్లోనూ సిమ్ ఫోనులోంచి దిగి రౌటరెక్కింది. కిటికీ గూట్లో ఉండే మరియమాతను బట్టల బీరువా మీదికి మార్చి ఆ చోట తెల్ల డబ్బాను ప్రతిష్ఠించారు. మా ఇంటి కిటికీలు రొట్టెల బట్టీ పొగగొట్టం వైపు తిరిగి ఉంటాయి. ఎర్సీలియా కిటికీ చూస్తే నాకు కడుపుమంట. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గేముంది?

దీనివల్ల ఊళ్లో భక్తి పెరిగింది. గంట మోగితే యాంటెన్నా ఊగుతుంది, ఇంటర్నెట్ ఆగుతుంది. గంట మోగగానే జనం చేతిలో పని వదిలేసి, కిటికీ దగ్గరికి పరుగెత్తి, స్తంభం వైపు చూస్తూ శిలువ గుర్తు వేసుకుని, ఎప్పుడు ఆగుతుందా అని పెదవులు కదుపుతూ నిలబడేవారు. కింద నుంచి చూసిన దోన్ సవేరియోగారికి కళ్లనీళ్లు ఆగలేదు. "నలభై ఏళ్లు ప్రసంగాలు చేశాను, ఒక్కడూ కదల్లేదు! ఇప్పుడు చూడండి!" అని మురిసిపోయి, ఆ రోజు నుంచి గంట ఇంకాసేపు మోగించడం మొదలుపెట్టారు.

ఇంతలో కంపెనీ ప్రకటన చేసింది. టెలిఫోను కాని పరికరంలో దొరికిన సిమ్‌లన్నీ రద్దు. ఎవరు ఫిర్యాదు చేసినా ఆ ప్రకటన చదివి వినిపించాలని ఎర్సీలియాకు ఆజ్ఞ. తన మెడకు తానే ఉరితాడు పేనుతూ, తియ్యటి గొంతుతో చదివేది. మా చెప్పులు కుట్టే తుల్లియో ఆమె కిటికీ కింద నిలబడి అరిచేవాడు.

"వదినా! ఇది నిజమేనా? నా డబ్బా కూడా పీకేస్తారా?"

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి."

"కాల్ ఏవిటి? నేను కిందే ఉన్నాను! తల బయటికి పెట్టి చూడు!"

"ఒరే తుల్లియో, డ్యూటీలో ఉన్నానురా, పైవాళ్లు వింటున్నారు, నోరు ముయ్యి!" అని గుసగుసగా అని, మళ్లీ గొంతు సవరించుకుని, "మీ సహనానికి ధన్యవాదాలు" అనేది.

పురపాలక మండలి అత్యవసరంగా సమావేశమైంది. మేయర్‌గారు లేచి నిలబడ్డారు. "సోదరులారా! సిమ్ టెలిఫోనులోనే ఉండాలని కంపెనీ అంటోంది. మనం చట్టాన్ని గౌరవించే జాతి. సిమ్‌ను కదిలించే ప్రసక్తే లేదు. కనుక రౌటరునే టెలిఫోను చేస్తున్నాం! పుట్టినవాడికి పేరు పెట్టే హక్కు మనకు తాతముత్తాతల నాటిది. ఒకసారి దోన్ సవేరియోగారు నీళ్లు చల్లి పేరు పెట్టాక, దాన్ని మార్చడానికి మిలానో కంపెనీ ఎవరు? రోమ్ ఎవరు?" చప్పట్లు మిన్నంటాయి. గాడిదలకు, ట్రాక్టర్లకు, కొత్త కార్లకు ఏటా ఆశీర్వాదం చేయించే ఊరు మాది. రౌటరు ఏం పాపం చేసింది?

ఆదివారం జరిగిన ఆ వేడుక వర్ణించడానికి మాటలు చాలవు. ఇంటింటి నుంచి డబ్బాలను పాత బాప్తిస్మపు లేసు గౌనుల్లో చుట్టి తెచ్చారు. ప్రతి డబ్బాకూ అటక మీది పాత ఫోను రిసీవరొకటి దారంతో కట్టారు. ప్రతిదానికీ జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. తుల్లియో తన డబ్బాకు తాత పేరు పెట్టి భోరున ఏడ్చాడు. ఇది టెలిఫోనని నమ్ముతున్నారా అని దోన్ సవేరియోగారు అడిగితే, నమ్ముతున్నాం అని ఊరంతా ఒక్క గొంతుతో అంది. పరలోకం గురించి అడిగినప్పుడు అంత గట్టిగా అనడం నేనెప్పుడూ వినలేదు. నీళ్లు ఎక్కువ పడి రెండు మూడు డబ్బాలు అక్కడికక్కడే ప్రభువులో నిద్రించాయి. వాటి గురించి ఎవరూ బెంగపడలేదు, జ్ఞానస్నానం అయ్యాకే పోయాయి కాబట్టి.

తనిఖీ అధికారి వస్తాడని మేకమాంసం వండుకుని కూర్చున్నాం. ఎవరూ రాలేదు. కంపెనీ తెలివైనది. తనిఖీ ఫోనులో చేయించింది, అదీ ఎర్సీలియా చేతే. ప్రతి చందాదారుకూ ఫోన్ చెయ్యాలి, సిమ్ ఎక్కడుందో అడగాలి. ఇటు ఎర్సీలియా ఫోన్ చేస్తుంటే, అటు మిలానో నుంచి పైఅధికారిణి వింటూ ఉంటుంది.

ఎర్సీలియా ఊరంతటికీ ఫోన్ చేసింది. రౌటరులో ఉన్న సిమ్ ఎలా మోగుతుంది? రిసీవర్లు దారాలకు వేలాడుతూ మౌనంగా ఉన్నాయి. చివరికి జాబితాలో తన నంబరే వచ్చింది. దానికీ చేసింది. పక్కనే కిటికీలో డబ్బా పచ్చ దీపం మిణుకుమంటూ ఆమె వైపు చూస్తోంది. చందాదారు అందుబాటులో లేరని యంత్రం చెప్పింది.

"ఒక్కరూ ఎత్తలేదేమ్మా," అంది పైఅధికారిణి. "ఎత్తనివి టెలిఫోన్లు ఎలా అవుతాయి? ఎర్సీలియాగారూ, నిజం చెప్పండి. అవి టెలిఫోన్లేనా?"

ఎర్సీలియాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది, కానీ ఒళ్లు మండటమే ముందు జరిగింది. "మేడం, ఈ ఉద్యోగంలో చేరకముందు ఏడాది పాటు మన కంపెనీకి ఫోన్ చేశాను. ఒక్కరూ ఎత్తలేదు. మా మునిసిపాలిటీలో ఒక ఫోనుంది, దాన్ని ఎత్తగా చూసినవాళ్లు ఈ ఊళ్లో బతికి లేరు. మరి అవి టెలిఫోన్లేనా? మనది టెలిఫోన్ కంపెనీయేనా?"

పైఅధికారిణి ఫోను పెట్టేసింది. నా ఫోను కీర్తి మిలానో దాకా వెళ్లినందుకు నాకు గర్వంగా ఉంది.

వారానికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎత్తకపోవడం టెలిఫోనుకు లోపం కాదని, అది దాని సహజ లక్షణమని, కనుక రొక్కాస్పీనాలో ఉన్నవన్నీ టెలిఫోన్లేనని, సిమ్‌లు రద్దు కావని. మేం ఎర్సీలియాను కుర్చీతో సహా భుజాల మీదికెత్తి ఫౌంటెన్ చుట్టూ ఊరేగించాం. ఆడవాళ్లు ముద్దులు పెట్టారు. తుల్లియో అయితే ఆమె పేరు మీద కొత్త చెప్పుల జత కుడతానన్నాడు.

తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. ఆ ఊళ్లో ఉన్నవన్నీ టెలిఫోన్లే, రౌటరు ఒక్కటీ లేదు, అంటే ఇంటర్నెట్ ఎవరికీ అక్కర్లేదు, కనుక ఫైబర్ బీరువాను మొంతెసొల్లోకు తరలిస్తున్నాం. మిరపకాయలు దించుకోవడానికి గడువిచ్చారు. మర్యాద తెలిసిన మనుషులు.

వెనకే మూడోది, ఎర్సీలియా పేరు మీద. ఊళ్లో ఫైబరే లేదు కాబట్టి మీ ధ్రువపత్రం చెల్లదు, ఉద్యోగం లోంచి తొలగిస్తున్నాం. మూడింటి మీదా సంతకం ఒక్కరిదే.

ఎర్సీలియా ఇల్లిల్లూ తిరిగింది. "నేనే కాదు, ఊరంతా రౌటరు మీదే బతుకుతోందని, బీరువా ఉన్నా లేకపోయినా నా పని ఆగదని నలుగురు రాసివ్వండి చాలు. పై వాళ్లకు పంపుతాను." ఎవరు రాస్తారు? రౌటరు ఉందని రాస్తే సిమ్ పోదూ? "వదినా, నీ కోసం ప్రాణమిస్తాను," అన్నాడు తుల్లియో. "సంతకం మాత్రం అడక్కు." మేయర్‌గారు ఆమె బాధను తన బాధగా భావించి, అది భరించలేక ఊరికి వెళ్లిపోయారు. నేనూ ఎంతో బాధపడ్డాను. ముద్ర దొరకలేదని చెప్పాను.

మొంతెసొల్లోలో బీరువా ప్రారంభోత్సవానికి మేమంతా వెళ్లాం. రిబ్బను కత్తిరించడంలో అనుభవం ఉందని మా మేయర్‌గారినే పిలిచారు. భోజనాలు బాగున్నాయి. తిరిగొస్తూ ఎర్సీలియాను ఓదార్చాలని అందరం ఆమె వంటింట్లో దూరాం. పెట్టె సర్దుకుని ఉంది. తూరినో బస్సు మర్నాడు పొద్దున్నే.

"ఒక్కసారి ఫిర్యాదు చేసి పోతాను," అంది. ఊళ్లో సిమ్ ఇంకా ఫోనులోనే ఉన్నది దోన్ సవేరియోగారి దగ్గరే, తనిఖీ రోజు ఆయన ప్రార్థనలో ఉండి ఎత్తలేదంతే. ఆయన ఫోను అడిగి తీసుకుని కంపెనీ నంబరు నొక్కింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని యంత్రం చెప్పింది. తర్వాత మోత మొదలైంది. అదే క్షణాన బల్ల మీద పడున్న ఆమె హెడ్‌ఫోను కీచుకీచుమంది. మా ప్రాంతం ఫిర్యాదులన్నీ ఆమెకే కదా వచ్చేది! ఉద్యోగం తీసేశారు గాని, ఆ సంగతి వాళ్ల యంత్రానికి ఎవరూ చెప్పలేదు.

"చూశావా అమ్మా," అన్నారు మేయర్‌గారు, "వ్యవస్థ ఎంత బాగా పనిచేస్తోందో!"

హెడ్‌ఫోను మోగుతూనే ఉంది. ఇలాంటప్పుడు నలుగురూ నోరు విప్పకముందే విప్పాలి. నేను దగ్గి అడిగాను. "ఎర్సీలియా, ఎలాగూ వెళ్తున్నావు. ఆ కిటికీ ఇక ఖాళీయేగా? మా డబ్బా ఒకటి..."

ఆమె నా వంక చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"ఫిర్యాదు నాది. జవాబు నువ్వు చెప్పు. ఎత్తు."

అది నా అరచేతిలో మోగుతోంది. ఒక్క మీట నొక్కితే చాలు, ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు వినిపిస్తుంది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను దాన్ని మెల్లగా, జాగ్రత్తగా, కిటికీ గూట్లో పెట్టాను. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు నాది. మోగే ఫోను ఎత్తినవాణ్ణి కాను.