గకార వత్తు మహాసంగ్రామం

ఓ చరవాణీహస్తులారా, బొటనవేలితో భువనములు తిరుగువారలారా, ఒక్క క్షణము వేలాపి ఆలకింపుడు!

వర్షములు వెనుదిరిగి, కోమటిచెరువు తొణకక బెణకక నిండుగా నిలిచిన ఆశ్వయుజ మాసమున, మంగళవారమున, ఉదయము పది గంటల పదిహేడు నిమిషములకు, సిద్దిపేట ఐటీ టవరు మూడవ అంతస్తులో, ఏసీ గాలి సూటిగా నెత్తిపై పడుటచే ఎవరును కూర్చుండనొల్లని మూలకుర్చీయందు, దశాంగుళీచాలనచతుర, మూషికహస్త, చాయ్‌ద్వయతృప్త యగు సుచిత్ర ఆసీనురాలై యుండెను. చింతమడక నుండి దినదినము ఆటోలో వచ్చి వెబ్‌సైట్లు కట్టు ఆ వీరవనిత, నాలుగు వారములు శ్రమించి, నేతకారుల సంఘమునకు ఒక సైటు కట్టెను. తలపై కుండ పెట్టుకొని నడచు గొల్లభామ బొమ్మల చీరలను ఎవరైనను ఇంట కూర్చుండి ఎన్నుకొనవచ్చునట్లు తీర్చెను. పదకొండు గంటలకు సంఘభవనమున దాని ప్రారంభోత్సవము. శామియానా వేసిరి. కొబ్బరికాయకు పసుపు కూడ పూసిరి.

ఆమెను తోడ్కొని పోవుటకు సంఘాధ్యక్షుడు రాజమల్లయ్య స్వయముగా వచ్చెను. నలుబదియేండ్లు మగ్గపు గుంటలో కాళ్లాడించినవాడు, పోగు తెగిన చప్పుడును పక్కింటి నుండియే పసిగట్టువాడు. ఆ మహానుభావుడు అద్దాలు సవరించుకొని, తన ఫోనులో సైటు తెరచి, నడుమనున్న ఎర్ర మీటను చూచి, చూచి, మరల చూచి, ఇట్లనెను:

“బిడ్డా, గిదేంది? ‘మగాల చీరలు’ అనున్నది. మనం మొగోళ్లకు గూడ చీరలమ్ముతున్నమా?”

ఆ మాట పిడుగై పడెను. పక్కనున్న దేవరాజు, ఆ కార్యాలయమున సుచిత్రకు పెద్ద, నోటిలోని చాయ్‌ను ముక్కు మార్గమున విడిచెను. సుచిత్ర ఫోనందుకొని చూచెను. తాను వ్రాసినది ‘మగ్గాల చీరలు’. తన కంప్యూటరుపై వత్తు నిక్షేపముగా నున్నది. ఫోనుపై మాత్రము ఏదో అదృశ్యఖడ్గము గకారము కింది వత్తును మొదలంట నరికివేసినది!

“నవ్వకు సారూ,” అని దేవరాజును వారించి, రాజమల్లయ్య గొంతు తగ్గించెను. “సంఘం వాట్సాప్ గ్రూపుల అప్పుడే మా నేతగాడు బాలరాజు గొల్లభామ బొమ్మకు మీసాలు గీసి పెట్టిండు. సైటెందుకని అందరు అడ్డమొస్తె నేనే ఒప్పించిన బిడ్డా. గిప్పుడు నలుగుట్ల నవ్వులపాలైతే మళ్ల నా మాట ఎవలింటరు?”

సుచిత్ర హృదయము భగ్గుమనెను. అంతరంగమున ఆమె ఇట్లు గర్జించెను: ‘ఓరీ వత్తుభక్షకా! అక్షరపాదచ్ఛేదకా! గడియారము పదకొండు కొట్టకమునుపే నిన్ను వెదకి, వెలికిదీసి, తుడిచిపెట్టనిచో ఈ వేళ్లు మరల కీబోర్డును తాకకుండు గాక!’ పైకి మాత్రము, “ఓ ఐదు నిమిషాలు కూసో పెద్దబాపు, చూస్త,” అనెను.

అంతట యుద్ధము మొదలయ్యెను. తొలుత ఆమె, తన ఫోనున సరిచూచుకొనుచు, లావు అక్షరములను దింపివేసి సన్నని అక్షరములను మోహరించెను. సన్నని వత్తు సన్నగా తెగెను. పిమ్మట మీటను పెంచెను. మీట గుమ్మడికాయవలె ఉబ్బెను, వత్తు తెగుచునే యుండెను. పిమ్మట అక్షరములను కుదించెను. వత్తు రవ్వంత తొంగిచూచినది గాని, రాజమల్లయ్య ఆమె ఫోనును మూరెడు దూరము పెట్టి, జానెడు దూరము పెట్టి, తుదకు ముక్కునకు ఆనించి, “చీమలు పాకినట్టున్నది,” అని తీర్పు చెప్పెను.

పది గంటల ముప్పదియెనిమిది నిమిషములు. ఏసీ కిందనే సుచిత్ర నుదుట చెమట పట్టెను. అప్పుడు దేవరాజు సంధిప్రస్తావన చేసెను.

“గింత లొల్లెందుకు సుచిత్రా? వత్తు లేని మాటే పెట్టు. ‘చేనేత చీరలు’ అని రాయి. పీడ పోతది.”

ఆహా, ఎంత తీయని విషము! సుచిత్ర చేయి కీబోర్డు వైపు సాగెను. సాగి, ఆగెను. ఏలయన రాజమల్లయ్య కుర్చీ నుండి లేచి నిలుచుండెను.

“గా మాట ఎవలైన పెట్టుకుంటరు సారూ. మిషిను మీద గుద్దినోడు గూడ చేనేత అనే అంటుండు. మాది మగ్గం. గా మాట తీసేస్తే, మగ్గం కాడ కూసున్నోళ్ల మొకం నేనెట్ల చూడాలె?”

“తీయను పెద్దబాపు,” అనెను సుచిత్ర. ఈసారి అంతరంగమునను అదే మాట.

రాజమల్లయ్య ఆమె భుజము పక్కకు వంగి, తెరపై అక్షరములను వస్త్రము పరీక్షించినట్లు పరీక్షించెను. “నాకు నీ పని తెల్వది గని, ఒకటడుగుత. అక్షరం కిందికి జాగిడిచినవా? పోగుల నడుమ సందు లేకుంటే నూలు మోసే నాడె ఎట్ల ఉరుకుతది బిడ్డా?”

సుచిత్ర కుర్చీని తెరకు మరింత దగ్గరకు లాగెను. జాగ! ఫోనుల కొరకు వేరుగా వ్రాసిన ఆజ్ఞలలోనికి ఆమె దూకెను. అచ్చట, నూటముప్పదియవ వరుసలో, వత్తులెరుగని ఇంగ్లీషు అక్షరములకు కొలిచి కుట్టిన చొక్కావలె, అక్షరపంక్తి ఎత్తు ‘ఒకటి’ అని నక్కి కూర్చుండెను! ఆ ఇరుకు గదిలో తలలకు చోటున్నది, కాళ్లకు లేదు. సుచిత్ర ఆ ఒకటిని పట్టి, ఎత్తి, విసరి, దాని స్థానమున ‘ఒకటి పాయింట్ ఆరు’ను ప్రతిష్ఠించి, సేవ్ మీటపై గదాఘాతమువలె వేలు మోపెను.

“ఇప్పుడు చూడు పెద్దబాపు!”

“మగాల చీరలు,” అని చదివెను రాజమల్లయ్య.

దేవరాజు తల పట్టుకొనెను. సుచిత్ర మాత్రము చెదరలేదు. “నీ ఫోను పాత పేజీని యాదికి పెట్టుకున్నది. జర ఇటియ్యి.”

“నాకన్న దానికే యాది మంచిగున్నది,” అనుచు ఆయన ఫోనిచ్చెను.

ఆమె పాత జ్ఞాపకములను చెరిపి పేజీని మరల పిలిచెను. తెల్లని తెర ఒక క్షణము, రెండు క్షణములు, మూడు యుగములు గిరగిర తిరిగెను. ఆపై ఎర్ర మీట వచ్చెను. దానిపై మకారము వచ్చెను. దాని పక్కన, నిండు దీర్ఘముతో, పాదముల కింద చెక్కుచెదరని వత్తుతో, గకారము పట్టాభిషిక్తమై వచ్చెను!

“మ... గ్గా... ల,” అని రాజమల్లయ్య కూడబలుక్కొని చదివెను. ఆ వత్తును వేలితో తడిమి చూచెను. తడిమిన వేలికి మీట నొక్కుకొని, చీరలన్నియు బారులు తీరి తెరచుకొనెను. “అగో, తెరుసుకున్నది!” అని ఆయన చంటిపిల్లవానివలె నవ్వెను.

సమయము పది గంటల యేబదిరెండు నిమిషములు. వినుడు లోకులారా! ఆ దినమున రాజ్యములేవియు చేతులు మారలేదు, కోటలేవియు కూలలేదు. గెలిచిన భూమి బియ్యపుగింజ అడ్డమంత. అయినను, ఆ గింజెడు నేలపై ఒక వత్తు తన రెండు కాళ్లు చాపుకొని కూర్చున్నది. దానిని నిలిపిన సుచిత్ర, చున్నీ సవరించుకొని, రాజమల్లయ్య బండి వెనుక కూర్చుండి, విజయయాత్రకు బయలుదేరినది!