పుస్తకాలు అడ్డు తీయండి, కార్యక్రమం ఉంది

విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి పుస్తకాలే. ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను.

గోడ పొడవునా అల్మరాలు, అల్మరాల నిండా పుస్తకాలు, వాటి మధ్య తల వంచుకుని కూర్చున్న మనుషులు. అంత చోటు అలా మూగగా పడి ఉంటే సంస్థ ఎప్పుడు ఎదుగుతుంది? చదువుతున్న మనిషిని ఫొటో తీసి చూడండి, నడినెత్తి తప్ప ఏమీ పడదు. అదే వర్క్‌షాప్‌లో ఉన్న మనిషిని తీయండి. ముప్ఫై రెండు పళ్ళూ పడతాయి.

కాబట్టి లైబ్రరీల్లో ఈవెంట్లు పెరగడం మన అదృష్టం. నమ్మకం కుదరనివాళ్ళు కిటికీ అక్క సంగతి వినండి.

ఆమెకు ఆ పేరు పెట్టింది జూనియర్లు. రీడింగ్ హాల్లో కిటికీ పక్కన ఉన్న కుర్చీ ఆమెది. ఎవరూ రాసివ్వలేదు, ఏళ్ళ తరబడి కూర్చుని సంపాదించుకుంది. మట్టి గోడల ఇళ్ళ మీద పరిశోధన చేస్తోంది. ఏ మట్టిలో ఏం కలిపితే గోడ వానకు కరగకుండా నిలుస్తుందో ఎవరు అడిగినా గడగడా చెప్పేస్తుంది. ఎవరూ అడగరు.

థీసిస్ చివరి అధ్యాయం దగ్గర ఆగింది. దానికి కావలసినది ఒకే ఒక పుస్తకం, దిండంత లావున్న పాత సర్వే గ్రంథం. పేజీ గట్టిగా తిప్పితే పొడి రాలుతుంది. ఇంటికివ్వరు, జిరాక్స్ తీయనివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. ఇటు చూస్తే ఆమె గైడ్ గారు ఈ టర్మ్ చివర రిటైరవుతున్నారు. ఈలోగా సమర్పించకపోతే కొత్త గైడ్ చేతిలో పడాలి. ఆయన ఇప్పటికే ఒకసారి కారిడార్‌లో ఆపి, “మట్టి ఎందుకమ్మా, సిమెంట్ మీద చేయకూడదా?” అని అడిగి ఉన్నాడు.

ఇలాంటి ఆపత్సమయంలోనే లైబ్రరీకి ఒక ఈవెంట్స్ మేడమ్ వచ్చింది. చిన్న వయసు, పెద్ద ఉత్సాహం. కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఎప్పుడూ టేపు చుట్ట. ఎక్కడ ఖాళీ గోడ కనిపిస్తే అక్కడ పోస్టర్ అంటించేది. గోడలు అయిపోయాక అల్మరాల తలుపులకు అంటించింది. తలుపు తెరిస్తే పోస్టర్ చిరుగుతుందని అల్మరాలు తెరవడం మానేశారు.

ఒక సోమవారం పొద్దున అక్క వచ్చేసరికి ఆమె కుర్చీలో బెలూన్ల మూట కూర్చుని ఉంది. హాల్లో ‘దృష్టి చెదరకుండా చదవడం ఎలా?’ అనే వర్క్‌షాప్. మైకు ఉంది, స్పీకర్లు ఉన్నాయి, దృష్టి కుదరడానికి నేపథ్య సంగీతం కూడా ఉంది. అక్క గ్రంథాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని పై అంతస్తుకు వెళ్ళింది. అక్కడ ‘మూడు నిమిషాల్లో మీ థీసిస్’ పోటీ. గంట మోగగానే మాట మధ్యలోనే ఆపేయాలి. ఆ పై అంతస్తులో బుక్‌మార్క్‌ల తయారీ. రంగు కాగితాలు, జిగురు, కత్తెరలు, మెరుపుల పొడి, ఎక్కడ చూసినా బుక్‌మార్క్‌లే, పెట్టుకోవడానికి పుస్తకం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పోనీ మెట్ల మీద కూర్చుందామంటే మెట్లెక్కుతూ కవిత్వం చదివే కార్యక్రమం. ఒక్కో మెట్టుకూ ఒక్కో కవి. వాళ్ళను తప్పించుకుని కిందికి దిగేసరికి ఎవరో అక్క చేతిలో సర్టిఫికెట్ పెట్టారు. కవులందరినీ దాటి వచ్చినందుకు.

మంగళవారం అదే తంతు. బుధవారం ఒక కుక్కపిల్ల వచ్చింది. పరీక్షల ఒత్తిడి తగ్గించడానికట. అది అందరి ఒళ్ళోనూ బుద్ధిగా పడుకుంది. అక్క ఒళ్ళో మాత్రం గ్రంథం ఉంది కాబట్టి దాని అంచు కొరికింది. ఆ వారం ఆ పుస్తకంతో నేరుగా తలపడిన జీవి అదొక్కటే.

అక్క ఉండబట్టలేక ఈవెంట్స్ మేడమ్ గదికి వెళ్ళింది.

“మేడమ్, నాకు చదువుకోవడానికి చోటు కావాలి. నిశ్శబ్దంగా ఉండాలి. అంతే.”

ఈవెంట్స్ మేడమ్ కళ్ళు చెమర్చినంత పనయింది. “చాలా ముఖ్యమైన విషయం చెప్పారక్కా. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరూ అనలేదు. దీని మీద వెంటనే ఒక ప్యానెల్ డిస్కషన్ పెడదాం.”

పెట్టారు కూడా. ‘గ్రంథాలయంలో నిశ్శబ్దం: సవాళ్ళు, అవకాశాలు’. అక్కను వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చోబెట్టి మైకిచ్చారు. ఆమె నాలుగు మాటలు చెప్పి కూర్చుంటే సాయంత్రం దాకా చప్పట్లు. ఆ రోజు కూడా చదవలేదు.

ఇప్పుడు పిన్ని గురించి చెప్పాలి. అక్క ఉండేది పిన్ని ఇంట్లో. తల్లికి స్వయానా చెల్లెలు, పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆమె వార్డులో అడుగుపెడితే దగ్గు కూడా అనుమతి అడిగి వచ్చేదని అక్కడివాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. రిటైరయ్యాక అదిలించడానికి ఎవరూ దొరకక కుండీల్లో మొక్కల్ని అదిలిస్తూ కాలం గడుపుతోంది.

ఒకరోజు అక్క కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళింది. పిన్ని దాన్ని పట్టుకుని లైబ్రరీకి బయలుదేరింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, నెరిసిన జుట్టు, నిటారు నడక. గుమ్మం దగ్గర ఈవెంట్స్ మేడమ్ ‘ప్రశాంతంగా జీవించడం ఎలా?’ అనే వర్క్‌షాప్‌కు రావలసిన అతిథి కోసం గోళ్ళు కొరుకుతూ నిలబడి ఉంది. ఆ నడక చూడగానే చేతులు జోడించి లోపలికి తీసుకుపోయింది.

“నేను మా అమ్మాయికి కళ్ళజోడు ఇచ్చిపోదామని వచ్చానమ్మా” అంది పిన్ని.

“ఎంత చక్కటి ప్రారంభం మేడమ్, అలాగే మొదలుపెట్టండి” అని మైకు చేతికిచ్చింది ఈవెంట్స్ మేడమ్.

పిన్ని ఎదురుగా చూసింది. హాలు నిండా పిల్లలు. కళ్ళ కింద నల్లచారలు, ఒళ్ళో ఫోన్లు, గోలగోల. పాత ప్రాణం లేచొచ్చింది. “ఏమిటా వంగిపోవడం? నడుములు లేవా? ఫోన్లు సంచుల్లో పెట్టండి. పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగినవాళ్ళెవరు? తాగనివాళ్ళు పోయి తాగిరండి” అంది. హాలు హాలంతా లేచి నీళ్ళు తాగి వచ్చింది. అసలు అతిథి అప్పుడే వచ్చి, వెనక వరసలో నడుము నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రానికి పిన్ని పేరు మారుమోగిపోయింది. వారానికొకసారి రమ్మన్నారు. పోస్టర్‌లో ఆమె బొమ్మ కూడా వేశారు. కిటికీ అక్క కుర్చీకి సరిగ్గా ఎదురుగా దాన్ని అంటించారు.

ఇంటికి వచ్చాక అక్క అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉంది గానీ తినలేదు.

“ఏమయిందే?” అంది పిన్ని.

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ముద్ద ఎందుకు దిగట్లేదు?”

“నువ్వు కూడా వాళ్ళలో కలిసిపోయావు పిన్నీ. గైడ్ గారు వెళ్ళిపోతున్నారు. నాకు చదవడానికి ఇంత చోటు లేదు. ఇన్నేళ్ళు చేసిందంతా ఒక్క అధ్యాయం దగ్గర పోతుంది. నువ్వేమో నీళ్ళు తాగిస్తున్నావు.”

ఇంతవరకూ ఎన్ని జరిగినా ఏడవని మనిషి కంచం ముందు ఏడ్చింది. పిన్ని ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకు రాదు. లేచి మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టి, “వచ్చే క్లాసు ఎవరిది? నాదేగా? నీ లావుపాటి పుస్తకం పట్టుకుని రా” అంది.

ఆ వారం పిన్ని వేదికెక్కి రెండు ముక్కలు చెప్పింది. “తలా ఒక పుస్తకం తీసుకోండి. నేను లేవమనేదాకా ఎవరూ నోరెత్తకూడదు.” చెప్పి, కుర్చీ హాలు మధ్యకు లాక్కుని కూర్చుంది.

మొదట పిల్లలు అటూ ఇటూ చూశారు. పిన్ని వాళ్ళవైపు చూసింది. తలలు వంగాయి. అల్మరాల తలుపులు తెరుచుకున్నాయి, పోస్టర్లు చిరిగాయి. కాసేపటికి కాగితాలు తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అక్క కిటికీ పక్కన చేరి గ్రంథం తెరిచింది. గోడ అడుగున రాతి వరస ఎందుకు వేసేవారో, చూరు ఎంత ముందుకు దించేవారో, ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న సంగతులన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. బయటికి నవ్వితే పిన్ని ఊరుకోదని పెదవి కొరుక్కుంది.

చూశారా? ఈవెంట్ల వల్ల ఎంత మేలు జరుగుతుందో? చదువుకోవడమనే సరికొత్త కార్యక్రమం లైబ్రరీలో పుట్టింది.

అది ఎంత విజయవంతమైందంటే, మరుసటి వారానికి నిలబడడానికి చోటు లేదు. ఆ పై వారం వరండాలో కూడా జనమే. సంగతి పైదాకా వెళ్ళింది. పెద్దలు స్వయంగా వచ్చి చూసి, నిశ్శబ్దానికి ముగ్ధులై, మైకులో చాలాసేపు మెచ్చుకున్నారు. దీన్ని శాశ్వతం చేయాలన్నారు. హాలు విస్తరించాలన్నారు. విస్తరించాలంటే చోటు కావాలి. చోటు ఎక్కడుంది? అల్మరాలున్న చోట ఉంది.

పనివాళ్ళు వచ్చారు. పుస్తకాలు పెట్టెల్లోకి ఎక్కాయి, పెట్టెలు లారీల్లోకి ఎక్కాయి. కొత్త కార్పెట్ పరిచారు, రంగురంగుల మెత్తటి కుర్చీలు వేశారు. తలుపు మీద పోస్టర్ పడింది: ‘అందరం కలిసి చదువుదాం. పాల్గొనేవారు ఎవరి పుస్తకం వారే తెచ్చుకోవలెను.’

పిన్ని ఆ పోస్టర్ చదివి, మైకు తిరిగిచ్చేసి ఇంటికి వచ్చింది. రెండు రోజులు కుండీల జోలికి కూడా పోలేదు.

అక్క లైబ్రేరియన్ గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఖాళీ హాలు మధ్య నిలబడి, అక్కడ లేని అల్మరా మీద చెయ్యి ఆనించబోయి తూలాడు.

“నా గ్రంథం ఏదండీ?”

“బస్ డిపో వెనక గోడౌన్ ఉందమ్మా. అన్నీ అక్కడే” అన్నాడు నెమ్మదిగా. “నేను కూడా వెళుతుంటాను.”

గోడౌన్ అంటే చీకటి, దుమ్ము, ఎలుకలు అనుకుంటూ వెళ్ళింది అక్క. తీరా చూస్తే ఎత్తయిన రేకుల కప్పు, గోడల పైన వరసగా వెలుతురు కిటికీలు. లైబ్రేరియన్ గారు రోజూ వచ్చి పెట్టెలు విప్పించి పుస్తకాలను మునుపటి వరసలోనే సర్దించారు. ఒక పొడవాటి బల్ల, నాలుగు పాత కుర్చీలు, తిరిగే ఫ్యాను. గుమ్మం దగ్గర కాపలాదారు ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఇక్కడ కార్యక్రమాలేమీ జరగవమ్మా. ఏదో పొరపాటున వచ్చినట్టున్నారు.”

“పొరపాటు కాదు” అంది అక్క.

ఆ రోజు మొదలు రోజూ అక్కడే. పొద్దున వెళ్ళడం, వెలుతురు తగ్గాక రావడం. పిన్ని కూడా సద్ది కట్టుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని పాత వైద్య పత్రికలు తిరగేస్తూ, అందులోని డాక్టర్లను మనసులోనే తిట్టుకునేది. చివరి అధ్యాయం పూర్తయింది. గైడ్ గారు రిటైరయ్యే లోపే థీసిస్ సమర్పించింది. ఆయన చివరి పేజీ దాకా చదివి, కళ్ళజోడు తీసి, “గోడ నిలబడిందమ్మా” అన్నారు. అక్క ఆ మాట పిన్నికి చెబితే, పిన్ని మొహం తిప్పుకుని బల్ల తుడిచింది. బల్ల శుభ్రంగానే ఉంది.

థీసిస్ అయిపోయినా అక్క గోడౌన్‌కు వెళ్ళడం మానలేదు. మెల్లగా ఇంకొందరు చేరారు. మూడు నిమిషాల థీసిస్‌లో గంట మోగి మాట ఆగిపోయిన అబ్బాయి ఒకడు, మెట్ల కవుల్లో ఇద్దరు, ఆ రోజు ఆలస్యంగా వచ్చిన అతిథి. ఎవరూ ఎవరినీ పలకరించేవారు కాదు. అంతకన్నా గొప్ప మర్యాద ఏముంటుంది?

ఒక మధ్యాహ్నం గుమ్మంలో స్పోర్ట్స్ బూట్లు కనిపించాయి. ఈవెంట్స్ మేడమ్. బల్ల దగ్గరున్న తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. మెట్ల కవి ఒకాయన చేతిలోని పుస్తకాన్ని కోటు లోపలికి తోశాడు. పిన్ని నడుము నిటారుగా పెట్టింది.

ఈవెంట్స్ మేడమ్ ఎవరినీ చూడలేదు. ఐడీ కార్డు తీసి సంచిలో వేసుకుంది. నవలల వరసలోకి వెళ్ళి, వేలితో పుస్తకాల వెన్నులు తడుముకుంటూ పోయి, ఒక లావుపాటి పుస్తకం లాగి, కిటికీ వెలుతురు పడే చోట నేల మీదే కూర్చుంది. బూట్లు విప్పేసింది. మధ్యలో ఒకసారి తనలో తాను నవ్వుకుంది, ఒకసారి ముక్కు తుడుచుకుంది. సాయంత్రం దాకా తల ఎత్తలేదు.

వెలుతురు తగ్గాక లేచి, పుస్తకం తీసిన చోటే పెట్టి, అక్క దగ్గరికి వచ్చింది.

“ఎంత హాయిగా ఉందక్కా ఇక్కడ. ఇలాంటి చోటు ఉందని ఎవరికైనా తెలిస్తే...”

“చెబుతారా మేడమ్?” అంది అక్క మెల్లగా.

ఈవెంట్స్ మేడమ్ బూట్లు తొడుక్కుంటూ గోడల వైపు చూసింది. బారుగా, తెల్లగా, ఖాళీగా ఉన్నాయి.

“చెప్పను” అంది. “చెబితే పోస్టర్ నేనే వేయాలి.”