లావు కార్డుకు లైనింగు

ఆ ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. ఎనిమిదింటికి నర్సు డ్యూటీకి వెళుతుంది, పదకొండింటికి కొరియరు వస్తాడు, ఈలోగా ఆమె భర్త, వృత్తిరీత్యా టైలరు, ఒక కార్డును ఒక ప్లాస్టిక్ హోల్డరులో పెట్టి పార్సిలు కట్టి ఉంచుతాడు. ఇంతకన్నా సులువైన పని ఇంకొకటి చెప్పమంటే ఎవరికైనా కష్టమే.

అయితే అది మామూలు కార్డు కాదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు కూడబెట్టడం నర్సుకు పన్నెండేళ్ల పిచ్చి. ఈ కార్డులో బొమ్మ పక్కన చిన్న కిటికీలా కోసి, ఆ ఆటగాడు మైదానంలో వేసుకున్న ఎర్ర చొక్కాలోంచి ఒక ముక్క అతికించారు. అందుకే నాలుగు కార్డులంత లావుంటుంది. దీన్నిప్పుడు గ్రేడింగుకు పంపుతోంది. అంటే మూలలూ అంచులూ భూతద్దంతో చూసి, పదికి ఇన్నని మార్కులు వేసే వాళ్ల దగ్గరికన్నమాట. ఆమె కార్డుల క్లబ్బులో ఇంతవరకూ ఎవరికీ పది రాలేదు. తొమ్మిది తెచ్చుకున్న పళ్ల డాక్టరు రెండేళ్లుగా ఆ కార్డును జేబులో పెట్టుకుని తిరుగుతూ, ఆమె కనబడితే చాలు బయటికి తీస్తాడు. ఆమెకు పది కావాలి.

"మూడు హోల్డర్లున్నాయి, బాగా చూడండి," అంది చెప్పులు వేసుకుంటూ. "సన్నదాంట్లో కుక్కితే మూలలు నలుగుతాయి. లావుదాంట్లో వేస్తే లోపల ఊగి అంచులు కొట్టుకుంటాయి. మధ్యది వాడండి. ముందు ఈ మెత్తటి కవరు తొడగండి, తర్వాతే హోల్డరు. విన్నారా?"

"ముప్పై ఏళ్లుగా కొలతలు తీస్తున్నవాడికి కొలతలు చెబుతున్నావా?"

"అందుకే కదండీ భయం!" అని వెళ్లిపోయింది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. బిగుతు అన్న మాట టైలరుకు గిట్టదు. మనిషన్నాక ఇవాళ కాకపోతే రేపైనా లావెక్కుతాడని ఆయన గట్టి నమ్మకం. ఆయన కుట్టిన కోటులో తొడుక్కున్నవాడితో పాటు మొహమాటం లేకపోతే పక్కింటాయన కూడా దూరొచ్చు.

ముందు చెప్పినట్టే చేశాడు. కవరు తొడిగిన కార్డు మధ్య హోల్డరులో అచ్చంగా సరిపోయింది. అది చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. ఊపిరాడదు పాపం, అనుకుని బయటికి తీసి లావుదాంట్లో వేశాడు. ఊపితే టకటకమంది. ఇంకొకరైతే నోరు మూసుకుని మళ్లీ మధ్యదాంట్లో పెట్టేవారు. కానీ వదులైన దానికి టైలరు దగ్గర ఒకటే మందుంది, లైనింగు. ఆ వారమంతా ఆయన ఓ నాటకాల హాలుకు ఎర్ర తెర కుడుతున్నాడు. ఆయన షాపుగా వాడే ముందు గది నిండా ఎర్ర గుడ్డే. రెండు ముక్కలు కత్తిరించి కార్డుకు అటొకటి ఇటొకటి దోపాడు. ఇప్పుడు ఎంత ఊపినా కిక్కురుమనలేదు.

ట్రయల్ చూడకుండా ఆ షాపులోంచి ఏదీ బయటికి పోదు కనుక, కార్డును మళ్లీ లాగి చూశాడు. కవరు మూతి దగ్గర ఎర్ర పోగొకటి వేలాడుతోంది. వేలాడే పోగు కంటపడితే ఆయన కత్తెర ఎవరి అనుమతీ అడగదు. టక్కున కోసేసింది. పోగు కింద రాలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం భార్య మురిసిపోతూ చూపించింది: "ఈ చొక్కా ముక్క అంచున లేచిన పోగు చూశారా? నిజంగా ఆడిన చొక్కా కాబట్టే ఇలా లేచింది. దీని అందమంతా ఇందులోనే ఉంది."

తను కోసింది ఆ పోగునే అనుకున్నాడు టైలరు. కళ్లజోడు పెట్టుకుని కార్డు వంక చూశాడు గానీ, భయపడ్డవాడికి ఉన్న పోగు మాత్రం కనబడుతుందా? నేలమీద బోర్లా పడి వెతికాడు. ఎర్ర పోగులకేం కొదవ, గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే, కిందటి వారం కుట్టించుకున్న కోటు తొడుక్కుని టీచరమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగి, "ఏం పోయిందండీ?" అంది.

"కదలకండి టీచరమ్మా! మీ కోటుకి అంటుకుందేమో!"

"ఏంటి, సూదా?"

ఆయన వినిపించుకోలేదు. నేలకేసి చూస్తూనే "ఊఁ" అన్నాడు.

టీచరమ్మ పెట్టిన కేకకు ఎదుటి షాపు మంగలి కత్తితో సహా పరిగెత్తుకొచ్చాడు. కోటులో సూది మర్చిపోయాడన్న సంగతి పావుగంటలో వీధి చివరిదాకా పాకింది. పదిన్నరకల్లా ఆయన కుట్టిన ప్యాంట్లూ కోట్లూ పట్టుకుని ఏడుగురు గుమ్మంలో ఉన్నారు. కోటును తిరగేసి, మరగేసి, దులిపి చూసిన టీచరమ్మ చివరికి రెండు వేళ్లతో ఓ ఎర్ర పోగు పైకెత్తి, "మీ షాపులో దొరికిందల్లా ఇదే," అంది ఎగతాళిగా.

"ఇదే! ఇదేనమ్మా!" అని టైలరు ఆమె చేతులు పట్టుకుని ఊపేశాడు. గుమ్మంలోని ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

బయట కొరియరు హారను కొడుతున్నాడు. టైలరు ఆ పోగును సన్న హోల్డరులో పెట్టాడు. ఓ చీటీ రాశాడు: "అయ్యా, ఈ పోగు కూడా కార్డుదే. తప్పు నాది, నా భార్యది కాదు. రెండూ కలిపి మార్కులు వేయగలరు." లైనింగు కార్డూ, పోగూ, చీటీ ఒకే పార్సిల్లో వెళ్లిపోయాయి.

సాయంత్రం ఏదీ దాచలేదు. దాచడం ఆయనకు చేతకాదు. అంతా విని నర్సు ఖాళీగా మిగిలిన మధ్య హోల్డరు చేతిలోకి తీసుకుంది. "నా పోగు కోసేశారా?" అంది. టైలరుకు నిజంగానే ఏడుపొచ్చింది. మూడు వారాలు ఆ ఇంట్లో మాటల్లేవు. ఉప్పు ఎక్కడుందని అడిగితే ఆమె వేలు చూపించేది. క్లబ్బుకు వెళ్లడం మానేసింది.

ఇరవై రెండో రోజు పార్సిలు వచ్చింది. విప్పడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. చివరికి ఆమే విప్పి, కాగితం పైకి చదివింది.

"కార్డుకు పది. మూలలు, అంచులు, చొక్కా ముక్క, దాని అంచున లేచిన పోగు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి..." ఆ వాక్యం కింద వేలు పెట్టింది. మళ్లీ చదివింది. "విడిగా పంపిన పోగును కూడా శ్రద్ధగా పరిశీలించాం. అది చొక్కాది కాదు. కార్డుకు చుట్టిన లైనింగు గుడ్డది."

"అంటే నేను కోసింది..."

"మీ లైనింగు పోగు! వెతికింది మీ లైనింగు పోగు! దొరికింది కూడా అదే గుడ్డ!" అంటూ నర్సు మూడు వారాల నవ్వూ ఒక్కసారే నవ్వింది. కళ్లు తుడుచుకుని, బ్యాగు తీసుకుని, పళ్ల డాక్టరు ఇంటికి అప్పటికప్పుడే బయలుదేరింది.

టైలరు ఆ కాగితానికి ఫ్రేము కట్టించి షాపులో తగిలించాడు; తన గుడ్డ తన గుడ్డేనని నిపుణులు రాసిచ్చిన సర్టిఫికెట్టు ఆ వీధిలో మరే టైలరు దగ్గరా లేదు.