సోడియం అనండి, ఉప్పు అనకండి

ఒక వస్తువుకు ఒకే పేరుండటం దరిద్రం. నాలుగు పేర్లుండాలి. అందులో మూడు మనకు తెలియకూడదు. అప్పుడే నాగరికత వర్ధిల్లుతుంది!

సోడియాన్నే తీసుకోండి. వినగానే గౌరవం కలగడం లేదూ? ఆ పేరు సోడా నుంచి వచ్చింది. సోడా అనే మాట అరబ్బీలో తలనొప్పిని చెప్పే పదం నుంచి పుట్టిందని కొందరు పండితులంటారు. కాదు, ఉప్పునేలల్లో పెరిగే ఒక మొక్క పేరు నుంచని మరికొందరంటారు. నేను తలనొప్పి వర్గం.

రసాయనశాస్త్రంలో దాని గుర్తు చూడబోతే అందులో ఎస్ లేదు, ఓ లేదు. ఎన్, ఏ! ఎందుకంటే లాటిన్‌లో అది నేట్రియం. పూర్వం ఈజిప్టువాళ్లు శవాలను ఎండబెట్టడానికి వాడిన ఒక క్షారం పేరు గ్రీకులో, అరబ్బీలో తిరిగి తిరిగి చివరికి అక్కడ తేలింది. ఇంత వంశవృక్షం ఉన్నదాన్ని పట్టుకుని ‘ఉప్పులో ఉండేది’ అనేస్తే దాని పరువేం కావాలి?

అర్థమయ్యే మాట ఎంత ప్రమాదమో మా ఇంట్లోనే చూశాను.

మా మామగారు దర్జీ. ఆయనకు బీపీ వచ్చినప్పుడు డాక్టరు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు. మా అత్తగారు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. వంటింట్లోంచి ఉప్పునే వెళ్లగొట్టారు. అదే సోడియం తగ్గించమని చెప్పి ఉంటే? ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఆయన హాయిగా తినేవారు.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఉదయం మామగారు మెడలో టేపు వేసుకుని బీరువా తలుపుకు చొక్కా కొలతలు తీయడం మొదలుపెట్టారు. “చేతులు కాస్త పైకెత్తండి సార్” అని దాన్ని బతిమాలారు. మా ఆవిడ నవ్వింది. అత్తగారు నవ్వలేదు. ఆయన చేతిలోంచి టేపు తీసుకుని కూర్చోబెట్టారు.

ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. డాక్టరు మర్నాడు చూస్తారన్నారు. సాయంత్రం వచ్చిన రిపోర్టును మా బావమరిది చదివాడు. ఆఫీసులో అప్లికేషన్లు పరిశీలించడం అతని ఉద్యోగం. ఎన్, ఏ అన్న చోట వేలు పెట్టి, అంటే నాట్ అప్లికబుల్, ఇది మనకు వర్తించదని తేల్చాడు. మిగతావన్నీ బాగున్నాయన్నాడు. ఆ రాత్రి అందరం నిశ్చింతగా పడుకున్నాం. ఒక్క పేరే ఉండి ఉంటే ఆ నిద్ర దక్కేదా?

తెల్లారి అత్తగారు కాఫీ ఇవ్వబోతే మామగారు మర్యాదగా లేచి నిలబడ్డారు.

“మీరు కొలతలు ఇచ్చారా అండీ?” అని ఆవిణ్ణి అడిగారు.

ఆవిడ గ్లాసు కింద పెట్టేసి మమ్మల్ని కేకేశారు. ఆటో ఎక్కించి ఆసుపత్రికి పరుగెత్తాం.

సోడియం బాగా పడిపోయిందన్నారు డాక్టరు. మేమంతా తలలూపాం. అప్పటికి నాకు ఇంత పాండిత్యం లేదు గనక, సోడా పట్టిస్తే సరిపోతుందేమో అనుకున్నాను. తల ఊపనిది అత్తగారొక్కరే.

“సోడియం అంటే ఏంటి బాబూ?”

“ఎలక్ట్రోలైట్ అమ్మా.”

“అంటే?”

“ఒక మినరల్.”

“అంటే?”

డాక్టరు కళ్లజోడు తీశారు. “ఒంట్లో ఉప్పు తగ్గిపోయిందనుకోండి.”

అత్తగారు మంచం పట్టె పట్టుకున్నారు. “నేనే మాన్పించేశాను” అన్నారు.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నారు. బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లోని ఉప్పును బయటికి తోసేస్తుందట. అది ఉన్నది పంపేస్తుంటే, ఆవిడ వచ్చేది ఆపేశారు. తప్పు మీది కాదని, ఆ మాత్ర రాసినప్పుడే ఎవరో ఒకరు మీకు చెప్పాల్సిందని అన్నారు. మాత్ర మార్చారు. సెలైన్ మెల్లమెల్లగా ఎక్కించారు, తొందరపడితే మెదడుకే ముప్పట.

కొన్ని రోజులకు ఒక ఉదయం మామగారు నిద్ర లేచి అత్తగారిని చూశారు. “నువ్వేమైనా తిన్నావా?” అన్నారు. మీరు కాదు, నువ్వు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

అంతా సుఖాంతమే అనుకుంటున్నారా? ఆ వార్డుకు జరిగిన నష్టం మాటేమిటి?

మర్నాడు డాక్టరు పక్క మంచం దగ్గర ఆగి, పేషెంటు భార్యతో పొటాషియం పెరిగిందన్నారు. ఆవిడ బుద్ధిగా తల ఊపబోయి, మా అత్తగారి వైపు చూసి, “అంటే ఏంటండీ?” అనేసింది. డాక్టరు మళ్లీ స్టూలు లాక్కున్నారు. ఆ పక్క మంచం వాళ్లూ అడిగారు. దాని పక్కవాళ్లూ అడిగారు. చకచకా అయిపోయే రౌండ్లు భోజనాల వేళ దాటినా తెమలలేదు. కుర్రడాక్టర్లు ఆకలితో నకనకలాడారు.

పేషెంట్లకు తమ జబ్బేమిటో తెలిసిపోతూ ఉంటే, చెప్పండి, ఆసుపత్రులు నడిచేదెలా?